గుడ్డు లేని కేకుకి గోడలు ఎవరు కడతారు?

(ఇంటి వీగన్ బేకింగ్‌పై ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెన్నూ కాగితం తెచ్చుకున్నవాళ్లు దగ్గర పెట్టుకోండి, ఇవాళ అంకెలు చాలా వస్తాయి.

వీగన్‌గా, అంటే గుడ్లు, పాలు, వెన్నలాంటి జంతువుల నుంచి వచ్చేవేవీ లేకుండా కేకు చేద్దామనుకున్నవాళ్లు మొట్టమొదట వెతికేది ఒక పట్టిక. ఒక గుడ్డుకి బదులు అరటిపండు ఇంత, అవిసె పొడి ఇంత, పెరుగులాంటిది ఇంత అని రాసి ఉంటుంది. దాన్ని నమ్ముకుని చేస్తే ఒకసారి బాగా వస్తుంది, ఇంకోసారి మధ్యలో కుంగుతుంది, మరోసారి కోస్తే లోపల బంకబంకగా కత్తికి అంటుకుంటుంది. చేతివాటం లేదనుకుని వదిలేస్తారు. తప్పు చేతిది కాదండీ, పట్టికది. గుడ్డు అన్ని వంటకాల్లోనూ ఒకే పని చేస్తుందని ఆ పట్టిక అనుకుంటుంది.

పెంకు తీస్తే పెద్ద గుడ్డు 50 గ్రాములుంటుంది. అందులో నీళ్లే 38 గ్రాములు. ప్రొటీన్ 6 గ్రాములు, కొవ్వు 5 గ్రాములు. ఈ కాస్త సరుకూ నాలుగు రకాల పనులు చేస్తుంది. పిండిని తడుపుతుంది. సొనలో ఉన్న లెసిథిన్ నూనెనీ నీళ్లనీ విడిపోకుండా కలిపి ఉంచుతుంది. గిలకొడితే గాలిని పట్టుకుంటుంది. వేడికి గట్టిపడి ఆ గాలి బుడగల చుట్టూ గోడలా నిలబడుతుంది. కుకీలో దీనికి దాదాపు తడపడం, అతికించడం తప్ప పని లేదు. స్పాంజి కేకులో గాలి పట్టడమూ గోడ కట్టడమూ రెండూ దానివే. కాబట్టి ఏ వంటకం చేతికొచ్చినా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న, "ఇక్కడ గుడ్డు ఏ పని చేస్తోంది?" అని. మూడు గుడ్లకి మించి అడిగే వంటకమైతే దాన్ని మార్చబోకండి. మొదటినుంచీ గుడ్డు లేకుండా కట్టిన కొలతలు వేరే ఉన్నాయి, అవి పట్టుకోండి.

గోడల సంగతికి వద్దాం, అసలు కీలకం అక్కడే ఉంది. గుడ్డు పోయాక గోడ కట్టడానికి మిగిలేది మైదా ఒక్కటే. మైదాలో గ్లూటెన్ అనే సాగే ప్రొటీన్ ఉంది, పిండిపదార్థం, అంటే స్టార్చ్ ఉంది. స్టార్చ్ నీళ్లు తాగి, వేడికి ఉబ్బి, గట్టిపడాలి. ఒట్టి నీళ్లలో అయితే ఇది 60, 65 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. చక్కెర కలిసిందా, ఆ వేడి పైకి జరుగుతుంది. కేకు పిండిలో 80 డిగ్రీలు దాటితేగానీ గోడలు గట్టిపడవు. అప్పటిదాకా బుడగలు ఎలాగో ఒకలా పగలకుండా ఆగాలి. చక్కెర ఎక్కువైతే గోడ గట్టిపడేలోపే గాలి బయటికి పోతుంది, కేకు గిన్నెలా గుంట పడుతుంది. అందుకని గుడ్డు లేని కేకులో చక్కెర బరువు మైదా బరువుకి కాస్త అటూ ఇటూగా ఉండొచ్చు కానీ దాన్ని బాగా మించకూడదు. గుడ్లున్న కేకుల్లో మైదాకంటే చక్కెర ఎక్కువ వేసే కొలతలు బోలెడు. వాటిలోంచి గుడ్డు తీసేసి మిగతాది అలాగే ఉంచితే కుంగడం ఖాయం.

మొదటి కేకు. అమెరికాలో దీన్ని వ్యాకీ కేక్ అంటారు. గుడ్లూ పాలూ వెన్నా దొరకని, కొనలేని కాలంలో వంటింట్లో నిలిచిన కేకు. వీగన్ అన్న మాట పుట్టింది 1944లో, బ్రిటన్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు వీగన్ సొసైటీ పెట్టినప్పుడు. ఈ రకం కేకు మాత్రం ఆ పేరు కోసం కాచుకుని కూర్చోలేదు.

మైదా 190 గ్రాములు, చక్కెర 200 గ్రాములు, కోకో పౌడర్ 3 టేబుల్ స్పూన్లు, బేకింగ్ సోడా 1 టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్. ఇవన్నీ కలిపి జల్లించండి. నీళ్లు 240 మిల్లీలీటర్లు, వాసన లేని నూనె 75 మిల్లీలీటర్లు, వెనిగర్ 1 టేబుల్ స్పూన్, వనిల్లా 1 టీస్పూన్. ఇవి వేరే గిన్నెలో. ఓవెన్ 175 డిగ్రీలకి పూర్తిగా వేడెక్కాక, టిన్నుకి నూనె రాసి అడుగున బటర్ పేపర్ పరిచాక, అప్పుడు మాత్రమే తడిని పొడిలో పోయండి. విస్క్‌తో ఇరవై, పాతిక సార్లు తిప్పండి. అక్కడక్కడా చిన్న ఉండలు మిగిలితే మిగలనివ్వండి. 20 సెంటీమీటర్ల చదరపు టిన్నులో పోసి వెంటనే లోపల పెట్టండి. 30 నుంచి 35 నిమిషాలు.

"వెంటనే" అన్నాను, ఎందుకో చెప్తాను. సోడా, వెనిగర్ కలిసిన క్షణం నుంచే గ్యాస్ పుడుతుంది. గిన్నెలో పది నిమిషాలు ఆగిన పిండిలో కొంత పొంగు అప్పటికే గాలిలో కలిసిపోతుంది. ఫోన్ మోగితే మోగనివ్వండి. (నవ్వులు)

ఇక్కడ ఒక లెక్క చూడండి, చాలా మంది గమనించరు. 5 శాతం ఆమ్లం ఉన్న మామూలు వెనిగర్ ఒక టేబుల్ స్పూన్ మహా అయితే ఒక గ్రాము సోడాని తటస్థం చేస్తుంది. టీస్పూన్ సోడా బరువేమో దాదాపు 5 గ్రాములు. అంటే ఐదింట నాలుగొంతులు మిగిలిపోతోంది. అందులో కొంత కోకోలో ఉన్న ఆమ్లంతో కలుస్తుంది. మిగతాది ఓవెన్ వేడికి దానంతటదే విడిపోయి గ్యాస్ వదులుతుంది, వెనకాల క్షారం మిగులుస్తుంది. ఆ క్షారమే ఈ కేకుకి నల్లటి రంగు తెస్తుంది, మెత్తదనం ఇస్తుంది. సబ్బులాంటి రుచి ఉన్నా కోకో చేదు దాన్ని కప్పేస్తుంది. ఇదే కొలతలోంచి కోకో తీసేసి "వనిల్లా కేకు చేద్దాం" అనుకుంటారు చూడండి, అక్కడ పట్టుబడుతుంది. కేకు పసుపు రంగుకి మారి, నోట్లో సబ్బు రుచి వస్తుంది. అలాగే డచ్ కోకో అని ముదురు రంగుది దొరుకుతుంది. అది ముందే క్షారంతో శుద్ధి చేసింది, అందులో ఆమ్లం ఉండదు. ఈ కేకుకి సాదా కోకోనే వాడండి.

మరి వనిల్లా కేకుకి ఏం చేయాలి? సోడాని వెనిగర్‌కి సరిపోయేంతే వేసి, మిగతా పొంగుని బేకింగ్ పౌడర్‌కి అప్పగించాలి. మైదా 250 గ్రాములు, చక్కెర 180, బేకింగ్ పౌడర్ 2 టీస్పూన్లు, సోడా పావు టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్. తడి సరుకులు: సోయా పాలు 300 మిల్లీలీటర్లు, అందులో వెనిగర్ 1 టేబుల్ స్పూన్ వేసి పది నిమిషాలు వదిలేయండి. నూనె 90 మిల్లీలీటర్లు, వనిల్లా 2 టీస్పూన్లు. కలిపే పద్ధతి ఇందాకటిదే. 20 సెంటీమీటర్ల గుండ్రటి టిన్నులు రెండింటిలో పంచితే 175 డిగ్రీల దగ్గర 25 నుంచి 30 నిమిషాలు. ఒకే లోతు టిన్నులో అయితే 40, 45 దాకా పడుతుంది.

సోయా పాలే ఎందుకు? మామూలుగా దొరికే మొక్కల పాలల్లో ఆవుపాలకి దగ్గరగా ప్రొటీన్ ఉండేవి అవే, వంద మిల్లీలీటర్లకి మూడు గ్రాముల వరకు. వెనిగర్ పడితే విరిగి చిక్కబడతాయి. ఆ ప్రొటీన్ గోడలకి కాస్త సాయం చేస్తుంది, పైన గోధుమ రంగు తెస్తుంది. బాదం పాలల్లో ప్రొటీన్ నామమాత్రం, బయట కొనే డబ్బాల్లో ఎక్కువ భాగం నీళ్లే. పనికిరావని కాదు, కేకు రంగు పాలిపోయి వస్తుంది, అంతే. ఓట్స్ పాలు మధ్యస్థం. తియ్యదనం కలిపిన పాలు మాత్రం వద్దు, చక్కెర లెక్క తప్పుతుంది.

బేకింగ్ పౌడర్ బతికుందో లేదో చూసుకోండి. అర టీస్పూన్ వేడినీళ్లలో వేస్తే బుసబుసమని పొంగాలి. సోడాని వెనిగర్‌లో వేసి చూడాలి. డబ్బా మీద తేదీకంటే ఇది నమ్మకం. ఎప్పుడు తెరిచారో, మూత ఎలా పెట్టారో తేదీకి తెలియదు కదా.

కలపడం గురించి ఇంకో మాట. మైదాకి నీళ్లు తగిలి, గరిటె తిరిగిన కొద్దీ గ్లూటెన్ సాగుతుంది. గుడ్లూ వెన్నా ఉన్న కేకులో వాటి కొవ్వు దీన్ని కొంత అడ్డుకుంటుంది. మన పిండి పలచన, గ్లూటెన్‌కి అడ్డు తక్కువ. ఎలక్ట్రిక్ బీటర్ పెట్టి మూడు నిమిషాలు తిప్పితే కేకు రబ్బరులా సాగుతుంది, లోపల నిలువుగా సొరంగాల్లాంటి కన్నాలు పడతాయి. బీటర్‌ని క్రీముకి దాచిపెట్టుకోండి.

ఇంకా ఏమేం చెడతాయి? అడుగున పుడ్డింగులాంటి ఒత్తు పొర వచ్చిందంటే మూడు కారణాల్లో ఒకటి. పండు గుజ్జు ఎక్కువైంది, లేదా సరిగా కాలలేదు, లేదా వేడివేడిగా కోశారు. పుల్ల గుచ్చి చూడడం మంచిదే, కానీ గుజ్జు ఉన్న కేకుల్లో పుల్ల అబద్ధం చెప్తుంది. థర్మామీటర్ ఉంటే కేకు మధ్యలో 97 డిగ్రీలు చూపాలి. పైన పర్వతంలా లేచి పగిలిందంటే ఓవెన్ వేడి ఎక్కువ. అంచులు ముందే గట్టిపడితే మధ్యభాగానికి పైకి తప్ప దారి లేదు. ఓవెన్ డయల్ మీద అంకెకీ లోపలి వేడికీ ఇరవై డిగ్రీల తేడా ఉండడం మామూలే. లోపల వేలాడదీసే చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్‌లో నేను చెప్పే అంకెలన్నిటికీ 20 తగ్గించండి. సమయంలో ముప్పాతిక భాగం గడిచేదాకా తలుపు తీయకండి. దింపాక పది, పదిహేను నిమిషాలు టిన్నులోనే ఉంచి, తర్వాత జాలీ మీదికి తిప్పండి. గుడ్డు లేని కేకు వేడి మీద చాలా బలహీనం. స్టార్చ్ చల్లారాకే దానికి నిలబడే శక్తి వస్తుంది.

ఇప్పుడు గుడ్డుకి ప్రత్యామ్నాయాలు. పట్టికని తిట్టాను కాబట్టి దానికి కాస్త న్యాయం కూడా చేయాలి.

అవిసె గింజలు. పొడి 1 టేబుల్ స్పూన్, అంటే 7 గ్రాములు, నీళ్లు 3 టేబుల్ స్పూన్లు. పది నిమిషాల్లో జిగురుగా అవుతుంది. ఆ జిగురు అతికిస్తుంది, తడి పట్టి ఉంచుతుంది. గాలి పట్టదు, వేడికి గట్టిపడదు. కుకీలు, బ్రౌనీలు, మఫిన్లకి భేష్. రెండు గుడ్లకి మించి దీంతో భర్తీ చేస్తే లోపల ఆరదు. గింజలు మెత్తగా పొడి అవ్వాలి, బరకగా ఉంటే జిగురు సరిగా రాదు. పొడి కొట్టాక త్వరగా పాతనూనె వాసన వేస్తుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. లేత రంగు కేకుల్లో గోధుమ రంగు చుక్కలు వద్దనుకుంటే బంగారు రంగు అవిసెలు వాడండి. చియా గింజలు ఇదే కొలత.

అరటిపండు గుజ్జు, ఆపిల్ గుజ్జు ఒక గుడ్డుకి 60 గ్రాములు. ఇవి తెచ్చేది నీళ్లు, తీపి, పెక్టిన్ అనే జిగురు. ప్రొటీన్ లేదు. బరువు పెంచుతాయి కాబట్టి అర టీస్పూన్ బేకింగ్ పౌడర్ అదనంగా వేయాలి. అరటి వేస్తే అది అరటిపండు కేకే అవుతుంది, ఎంత వనిల్లా పోసినా ఆ వాసన దాగదు.

మూడోది నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది. కాబూలీ శనగలు ఉడికించిన నీళ్లు. 2014లో జోయెల్ రెసెల్ అనే ఫ్రెంచి ఆయన పప్పుజాతి గింజల నీళ్లు తెల్లసొనలా నురగ కడతాయని కనిపెట్టారు. మరుసటి ఏడు అమెరికాలో గూస్ వోల్ట్ అనే ఆయన శనగల నీళ్లూ చక్కెరా, ఈ రెండే చాలు మెరాంగ్, అంటే తీపి నురగని ఓవెన్‌లో ఎండబెట్టి చేసే మిఠాయి, నిలబడుతుందని చూపించి దానికి ఆక్వాఫాబా అని పేరు పెట్టారు. మనం ఇన్నేళ్లుగా సింకులో పారబోసిన నీళ్లు అవి!

డబ్బా శనగల్లో నీళ్లు నేరుగా వాడొచ్చు, ఉప్పు లేనిది చూసుకోండి. ఇంట్లో ఉడికిస్తే ఉప్పు వేయకుండా, శనగలు మునిగేంత నీళ్లే పోసి ఉడికించి, అదే నీళ్లలో రాత్రంతా చల్లారనివ్వండి. వడగట్టాక పలచగా ఉంటే చిన్న మంట మీద మరిగించండి. వేలితో తీస్తే తెల్లసొనలా జారుడుగా, కాస్త తీగలా ఉండాలి. అందాకా మరిగించకపోవడమే నూటికి తొంభై వైఫల్యాలకి కారణమంటాను.

మెరాంగ్‌కి 120 మిల్లీలీటర్ల చల్లటి ఆక్వాఫాబా, పావు టీస్పూన్ క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పుల్లటి పొడి, లేకపోతే అర టీస్పూన్ నిమ్మరసం, మెత్తటి చక్కెర 130 గ్రాములు. గిన్నెకి నూనె జిడ్డు అస్సలు ఉండకూడదు. ప్లాస్టిక్ గిన్నె వద్దు, జిడ్డు వదలదు. ముందు తెల్లటి నురగ వచ్చేదాకా బీటర్‌తో కొట్టి, తర్వాత చక్కెర ఒక్కో చెంచా వేస్తూ పది, పన్నెండు నిమిషాలు కొట్టండి. తెల్లసొనకంటే ఎక్కువసేపు పడుతుంది, అలాగని ఎక్కువ కొడితే విరిగిపోదు, అదొక సుఖం. గిన్నె బోర్లిస్తే కదలకూడదు. 100 డిగ్రీల దగ్గర గంటన్నర నుంచి రెండు గంటలు, ఆ తర్వాత ఓవెన్ ఆపేసి తలుపు మూసే చల్లారనివ్వాలి. ఇది కాలడం కాదు, ఎండడం. ఆక్వాఫాబా వేడికి గుడ్డులా గట్టిపడదు కాబట్టి నిలబెట్టేది ఎండిన చక్కెరే. ఓవెన్ 120 దాటితే కరిగి పాకంలా పరుచుకుంటుంది. గాలిలో తేమ ఉన్నరోజు డబ్బాలో పెట్టకుండా వదిలేస్తే గంటలో మెత్తబడి బంకలా అవుతుంది. ఇదే కారణంతో ఒట్టి ఆక్వాఫాబా నురగతో స్పాంజి కేకు చేయబోతే ఓవెన్‌లో బ్రహ్మాండంగా లేస్తుంది, బయటికి తీయగానే చతికిలబడుతుంది.

కుకీలకి వద్దాం. ఇక్కడ గుడ్డుకంటే వెన్న లేకపోవడమే పెద్ద సమస్య. వెన్నలో కొవ్వు 80 శాతం పైన, మిగతాది దాదాపు నీళ్లు. దిమ్మలుగా అమ్మే వీగన్ బటర్ ఆ నిష్పత్తికి దగ్గరగా ఉంటుంది. డబ్బాల్లో వచ్చే మెత్తటి రకంలో నీళ్లు ఎక్కువ, రొట్టె మీద పూయడానికి తప్ప కుకీలకి పనికిరాదు. కొబ్బరి నూనె నూటికి నూరు కొవ్వు, 24 డిగ్రీలకే కరుగుతుంది. వెన్న 32 దాటాక కరుగుతుంది. ఆ తేడా వల్ల కొబ్బరి నూనె కుకీ ఓవెన్‌లోకి వెళ్లీ వెళ్లగానే పరుచుకుంటుంది. 100 గ్రాముల వెన్నకి బదులు నూనె వేస్తే 80 గ్రాములు వేసి, నీళ్లు ఒక టేబుల్ స్పూన్ కలపండి. నూరుకి నూరు వేస్తే కుకీ జిడ్డోడుతుంది.

చాక్లెట్ ముక్కల కుకీ చెప్తాను. వీగన్ బటర్ దిమ్మ 115 గ్రాములు, బ్రౌన్ షుగర్ 120, తెల్ల చక్కెర 60. ఇవి రెండు నిమిషాలు బీట్ చేయండి, అంతకంటే వద్దు, గాలి ఎక్కువైతే కుకీ కేకులా అవుతుంది. అవిసె జిగురు ఒక గుడ్డుకి సరిపడా, వనిల్లా 1 టీస్పూన్ కలపండి. మైదా 200 గ్రాములు, సోడా అర టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్ వేసి, పొడి కనిపించకుండా పోయేదాకా మాత్రమే కలిపి, తరిగిన డార్క్ చాక్లెట్ 150 గ్రాములు వేయండి. బ్రౌన్ షుగర్‌లో మొలాసిస్, అంటే చెరకు మడ్డి ఉంటుంది, దానిలోని ఆమ్లం సోడాకి పని కల్పిస్తుంది. అందుకే మొత్తం తెల్ల చక్కెరే వేస్తే కుకీ పాలిపోయి, గట్టిగా వస్తుంది.

ఈ ముద్దని ఫ్రిజ్‌లో కనీసం గంట పెట్టాలి. రాత్రంతా పెడితే ఇంకా మంచిది. మైదా నీళ్లన్నీ పీల్చుకుంటుంది, రుచి చిక్కబడుతుంది, పరుచుకోవడం తగ్గుతుంది. 35 గ్రాముల ఉండలు 20 దాకా వస్తాయి. 175 డిగ్రీలు, 11 నుంచి 12 నిమిషాలు. తీసేటప్పుడు అంచులు గట్టిగా, మధ్యలో ఇంకా పచ్చిగా ఉన్నట్టే ఉండాలి. ట్రే మీద అయిదు నిమిషాల్లో అవే నిలబడతాయి. "ఇంకో రెండు నిమిషాలు" అనుకున్నవాళ్లు బిస్కెట్లు తింటారు. (నవ్వులు)

రెండో విడతని వేడి ట్రే మీద పెట్టకండి, ఉండలు ఓవెన్‌లోకి వెళ్లకముందే కరగడం మొదలుపెడతాయి. కుకీ అస్సలు పరుచుకోకుండా ఉండలాగే ఉండిపోయిందంటే పిండి ఎక్కువైంది. కప్పుతో డబ్బాలోంచి నేరుగా తోడితే మైదా 150 గ్రాములు పట్టొచ్చు. జల్లించి చెంచాతో నింపితే 125. కప్పుకి 25 గ్రాములు తేడా అంటే చిన్న సంగతి కాదు. త్రాసు వాడండి.

గుడ్డు ఊసే లేని కుకీ ఒకటుంది, షార్ట్‌బ్రెడ్. చక్కెర ఒక పాలు, కొవ్వు రెండు పాళ్లు, మైదా మూడు పాళ్లు, బరువులో. 100, 200, 300. కాస్త ఉప్పు. 160 డిగ్రీలు, 20 నుంచి 25 నిమిషాలు. వీగన్ బటర్ దిమ్మ రుచిగా ఉంటేనే ఇది రుచిగా ఉంటుంది, దాచడానికి ఇందులో ఇంకేమీ లేదు.

రంగుల గురించి ఒక వింత. పొద్దుతిరుగుడు గింజల బటర్‌తో, సోడా వేసి కుకీలు చేస్తే చల్లారాక లోపల ఆకుపచ్చగా మారతాయి. ఆ గింజల్లోని క్లోరోజెనిక్ ఆమ్లం క్షారంతో కలిస్తే జరిగేది అదే. తినడానికి ఏ ఇబ్బందీ లేదు. సోడా తగ్గించి కాస్త నిమ్మరసం వేస్తే తగ్గుతుంది. బ్లూబెర్రీ మఫిన్లలో పండు చుట్టూ నీలి ఆకుపచ్చ మరకలు కూడా సోడా ఎక్కువైన గుర్తే.

పండ్ల తీపి వంటకాలు వీగన్‌గా చేయడం తేలిక, కానీ అక్కడ నీళ్లు మన శత్రువు. ఆపిల్ క్రంబుల్ తీసుకోండి. చెక్కు తీసి కోసిన ఆపిల్ ముక్కలు 900 గ్రాములు, చక్కెర 70, నిమ్మరసం 1 టేబుల్ స్పూన్, కార్న్‌ఫ్లోర్ 15 గ్రాములు, కాస్త దాల్చినచెక్క పొడి. పైపొరకి మైదా 150, ఓట్స్ 100, బ్రౌన్ షుగర్ 100, చల్లటి వీగన్ బటర్ 110, చిటికెడు ఉప్పు. వేళ్ల కొసలతో నలిపితే తడి ఇసుకలా, మధ్యమధ్య బఠాణీ గింజంత ఉండలుగా రావాలి. పండ్ల మీద చల్లండి, అదమకండి. 190 డిగ్రీలు, 40 నుంచి 45 నిమిషాలు.

ఎప్పుడు అయినట్టు? పైన ఎర్రబడితే అయిపోయిందనుకుంటారు. అంచుల్లో కాదు, మధ్యలో రసం చిక్కగా, నెమ్మదిగా బుడగలు వేయాలి. కార్న్‌ఫ్లోర్ పూర్తిగా చిక్కబడడానికి 95 డిగ్రీల దాకా వెళ్లాలి. అది జరగకముందే తీస్తే పలచటి రసం, పైగా పచ్చి పిండి రుచి. పైన ముందే మాడుతుంటే రేకు కప్పి లోపల ఉంచండి. స్ట్రాబెర్రీ, బ్లూబెర్రీలాంటి నీటి పండ్లకి కార్న్‌ఫ్లోర్ 35 గ్రాముల దాకా కావాలి. ఫ్రీజర్ పండ్లయితే కరగనివ్వకుండా అలాగే వేసి, పది, పదిహేను నిమిషాలు ఎక్కువ ఉంచండి. దించాక అరగంట ఆగితే రసం ఇంకా చిక్కబడుతుంది.

జెల్లీకి జెలటిన్ బదులు అగర్ అగర్. జెలటిన్ జంతువుల చర్మం, ఎముకలనుంచి వస్తుంది, అగర్ సముద్రపు నాచు నుంచి. పొడి 1 టీస్పూన్, అంటే 2 గ్రాములు, 240 మిల్లీలీటర్లకి గట్టి జెల్లీ ఇస్తుంది. చెంచాకి మెత్తగా తగలాలంటే 500 మిల్లీలీటర్లకి 3 గ్రాములు చాలు. చల్లటి రసంలో కలిపి, తిప్పుతూ, రెండు నిమిషాలు నిజంగా మరిగించాలి. గోరువెచ్చగా చేసి వదిలేస్తే గట్టిపడదు. 40 డిగ్రీల లోపుకి రాగానే ఫ్రిజ్ లేకుండానే గట్టిపడుతుంది, మళ్లీ కరగాలంటే 85 దాకా వేడి కావాలి. అందుకే ఇది నోట్లో జెలటిన్‌లా కరగదు, తెగుతుంది. పలచనైనా, మరీ గట్టిగా వచ్చినా మళ్లీ కరిగించి సరిచేసుకోవచ్చు. పచ్చి అనాస, బొప్పాయి, కివీ జెలటిన్‌ని గట్టిపడనివ్వవు, వాటి ఎంజైములు ప్రొటీన్‌ని తినేస్తాయి. అగర్ ప్రొటీన్ కాదు కాబట్టి ఆ బెడద లేదు. పులుపుతో మాత్రం జాగ్రత్త. నిమ్మరసంలో అగర్‌ని మరిగిస్తే బలం పోతుంది. నీళ్లు, చక్కెరతో మరిగించి, దించాక రసం కలపండి. ఆ రసం ఫ్రిజ్‌లోంచి తీసింది కాకూడదు, పోసిన చోటే ఉండలు కడుతుంది.

పైన వేసుకోవడానికి కొబ్బరి క్రీమ్. కొవ్వు తగ్గించని కొబ్బరి పాల డబ్బా రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, కదిలించకుండా తెరిచి, పైన గట్టిగా పేరుకున్నది మాత్రమే తీయండి. చల్లటి గిన్నెలో 30 గ్రాముల ఐసింగ్ షుగర్‌తో ఒక నిమిషం బీట్ చేస్తే చాలు. కొన్ని డబ్బాల్లో విడిపోకుండా గమ్ములు కలుపుతారు, అవి ఎన్నాళ్లు పెట్టినా పేరుకోవు. లేబుల్ చూసి కొబ్బరి, నీళ్లు తప్ప ఇంకేం లేనిది తెచ్చుకోండి.

లేబుల్ అన్నాను కాబట్టి త్వరగా చెప్పేస్తాను. కేసీన్, వే, లాక్టోజ్, బటర్ ఆయిల్ అన్నీ పాలవే. డార్క్ చాక్లెట్ అని రాసి ఉన్నా పాలకొవ్వు ఉండొచ్చు. ఇ120 అనే ఎర్ర రంగు కీటకాల నుంచి, ఇ904 అనే మెరుపు లక్క పురుగుల నుంచి. కొన్ని దేశాల్లో చెరకు చక్కెరని ఎముకల బొగ్గుతో శుద్ధి చేస్తారు, బీట్ చక్కెరకి ఆ పద్ధతి లేదు. తేనె వీగన్ కాదు. ఒక ముఖ్యమైన సంగతి, పాలు, గుడ్ల అలర్జీ ఉన్నవాళ్లకి పెట్టేటప్పుడు వీగన్ అన్న ముద్ర ఒక్కటే చాలదు. అదే యంత్రాల మీద పాల చాక్లెట్ కూడా తయారై ఉండొచ్చు. అలర్జీ హెచ్చరిక వేరే చదవాలి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: గ్లూటెన్ కూడా లేకుండా చేయొచ్చా అండీ?

చేయొచ్చు, కానీ అప్పుడు గుడ్డు గోడా పోయింది, గ్లూటెన్ గోడా పోయింది. స్టార్చ్ ఒక్కటే మిగిలింది. కప్పు పిండికి పావు టీస్పూన్ జాంతన్ గమ్ము అనే జిగురు పొడి, లేదా ఇసబ్గోల్ పొట్టు ఒక టీస్పూన్ కలపాలి. పెద్ద కేకుకి పోకుండా మఫిన్ల అచ్చుల్లో చేయండి. గోడ చిన్నదైతే నిలబెట్టడం తేలిక. కలిపాక పది నిమిషాలు ఆగాలి, పిండి నీళ్లు పీల్చాలి. అందుకని దానికి సోడా, వెనిగర్ జోడీ పనికిరాదు, వేడికి రెండోసారి పొంగే డబుల్ యాక్టింగ్ బేకింగ్ పౌడర్ వాడండి.

ప్రశ్న: చక్కెర సగానికి తగ్గిస్తే?

నాలుగో వంతు తగ్గిస్తే పెద్ద తేడా తెలియదు. సగం తగ్గిస్తే తీపి ఒక్కటే పోదు. చక్కెర నీళ్లని పట్టి ఉంచుతుంది, గ్లూటెన్‌ని అదుపులో పెడుతుంది, రంగు తెస్తుంది. కేకు గట్టిగా, పొడిగా, పాలిపోయి వస్తుంది, మర్నాటికే ఎండిపోతుంది. తీపి అంతగా వద్దనుకుంటే చిన్న ముక్క తినండి, లేదా క్రంబుల్ చేసుకోండి. పండ్లలో వేసే చక్కెర ఎంత తగ్గించినా ఏదీ కూలదు.

ప్రశ్న: ఎన్నాళ్లు ఉంటాయి?

నూనెతో చేసిన కేకు గాలి తగలకుండా మూసి పెడితే బయట రెండు రోజులు. ఫ్రిజ్‌లో పెట్టినా వెన్న కేకులా రాయి కాదు, నూనె ఆ చల్లదనానికి గడ్డకట్టదు కదా. కొబ్బరి నూనెతో చేసిందైతే గట్టిపడుతుంది, తినే ముందు అరగంట బయట పెట్టండి. ఐసింగ్ లేని కేకుని రెండు పొరలు చుట్టి ఫ్రీజర్‌లో రెండు నెలలు ఉంచొచ్చు. చుట్టు విప్పకుండానే కరగనివ్వాలి, లేకపోతే తేమ కేకు మీదే కూర్చుంటుంది. కుకీలు మాత్రం కాల్చి దాచకండి. ఉండలు చేసి ట్రే మీద ఫ్రీజ్ చేసి, గట్టిపడ్డాక సంచిలో వేసుకోండి. కావాల్సినన్ని తీసి, కరగనివ్వకుండా అలాగే ఓవెన్‌లో పెట్టి, ఇందాక చెప్పిన సమయానికి రెండు నిమిషాలు కలపండి.